ఆర్విల్ పంట, థీసెన్ పంట

హార్లన్‌లో హాకీ గురించి మాట్లాడే హక్కు అందరికీ ఉంది. తీర్పు చెప్పే హక్కు మాత్రం ఆడిలీన్ ప్రిస్టూపాది. ఆ హక్కు ఆమెకు ఎవరిచ్చారని అడిగిన మనిషి లేడు. ఎవరైనా అడిగి ఉంటే "నా వంటగది ఇచ్చింది, చాలా?" అనేది.

ఆ మాట అబద్ధం కాదు. కెనడాలోని సస్కాచవాన్ గోధుమ చేల మధ్య ఉన్న ఈ ఊళ్లో థ్రెషర్స్ జట్టు ఏ కోటీశ్వరుడిదీ కాదు, ఊరందరిదీ. ప్రతి వసంతంలోనూ లీగులోని జట్లన్నీ వంతులవారీగా పదిహేనేళ్ల కుర్రాళ్లను ఏరుకుంటాయి. దాన్నే డ్రాఫ్టు అంటారు. మేనేజరు పేరు నిలిచేదీ ఆరిపోయేదీ అక్కడే. అలా ఏరిన వాళ్లలో శరత్కాలపు శిబిరంలో నెగ్గినవాళ్లు ఊరికి వచ్చి, ఎవరో ఒకరి ఇంట్లో ఉండి, ఆ ఇంటి తిండి తింటూ, ఇక్కడి బడికే వెళ్తూ ఆడతారు. ఒక ఏడాది ఏరిన కుర్రాళ్లందరినీ కలిపి ఊరివాళ్లు "పంట" అంటారు. గోధుమ పండించేవాళ్ల నోట ఇంకేం మాట వస్తుంది!

మంచు హాకీ ఆడే రింకు వెనక రెండో వీధిలో ఉన్న ఆడిలీన్ ఇంటి కింది అంతస్తులో రెండు గదులున్నాయి. ధాన్యం గిడ్డంగిలో పనిచేసిన భర్త బతికున్నప్పుడూ, ఆయన పోయాకా, ఆ గదులు ఒక్క శీతాకాలమైనా ఖాళీగా లేవు. ముగ్గురు మేనేజర్లు ఏరిన పంటలు ఆమె బల్ల దగ్గర కూర్చుని తిన్నాయి. కాబట్టి ఎవరి పంట ఎలాంటిదో ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటివాడు ఆర్విల్ మెక్‌ఫీ. అతను ఏరినవన్నీ పొలాల్లో పెరిగిన పిల్లలు. వాళ్ల భుజాలకు తలుపులు చాలేవి కావు. తిన్న కంచం తామే కడిగేవాళ్లు. అడగకుండానే వాకిట్లో మంచు ఎత్తేవాళ్లు. కుర్రాణ్ణి చూడ్డానికి వెళ్తే ఆర్విల్ ముందు వాళ్ల నాన్న చేతులు చూస్తాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. తర్వాత బార్లో వచ్చాడు. మొక్క ఎదిగే దాకా ఆగే ఓపిక అతనికి లేదు. రాబోయే ఏళ్ల వంతులన్నీ ఇతర జట్లకు ఇచ్చేసి, ఎదిగిన కుర్రాళ్లను తెచ్చుకున్నాడు. ఒక్క ఏడాది ఊరు పండగ చేసుకుంది, తర్వాత మూడేళ్లు పస్తులుంది. "విత్తనాలు వండుకు తిన్నాడు," అని ఆడిలీన్ అతణ్ణి ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇప్పుడున్నవాడు గావిన్ థీసెన్. బక్కపలచని మనిషి, మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉంటాడు. అతను ఏరే పిల్లలూ అలాగే చిన్నగా, చురుగ్గా ఉంటారు. ఒకడు పాలు తాగడు. ఇంకొకడు గోధుమ తినడు. హార్లన్‌కి వచ్చి గోధుమ తినననడం ఆడిలీన్ దృష్టిలో ఊరి మీద ఉమ్మెయ్యడమే.

ఆమెకు థీసెన్ మీద అంతకన్నా పెద్ద కోపం ఒకటుంది. జనవరిలో, జట్లు ఆటగాళ్లను మార్చుకునే ఆఖరి రోజున, ఆమె ఇంట్లో ఉన్న కోల్బీని ఎక్కడో కొండల అవతలి జట్టుకు ఇచ్చేశాడు. ఆ రోజు కోల్బీ పుట్టినరోజు. కేకు ఇంకా పొయ్యిలోనే ఉంది. కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ సంచులు సర్దుకున్నాడు. ఆడిలీన్ వేడి కేకును పాత్రతో సహా తువ్వాలులో చుట్టి కారులో పెట్టింది. కోల్బీకి బదులుగా థీసెన్ తెచ్చుకున్నది మనుషుల్ని కూడా కాదు, వచ్చే ఏళ్ల డ్రాఫ్టులో మూడుసార్లు ఏరుకునే వంతు. లేని పిల్లల కోసం ఉన్న పిల్లాణ్ణి ఇచ్చేశాడు. ఆ ఏడాది థ్రెషర్స్ లీగులో అట్టడుగున పడ్డారు.

జూన్‌లో విత్తులు అయిపోయాక జట్టు వార్షిక సభ ఉంటుంది. వాటా ఉన్న ప్రతి ఇంటికీ ఒక ఓటు. ఈసారి సభ ముందున్న ప్రశ్న ఒక్కటే. థీసెన్‌ను ఉంచాలా, పంపేసి ఆర్విల్‌ను మళ్లీ తెచ్చుకోవాలా?

సభకు ముందు వారం, పొద్దుటి కాఫీ బల్ల దగ్గర లాయిడ్ హాకెట్ ఆ మాట ఎత్తాడు. హాకెట్‌ది రైతులకు డీజిల్ అమ్మే వ్యాపారం. మెత్తగా మాట్లాడి పని జరిపించుకోవడంలో దిట్ట. ఆ బల్ల దగ్గర అందరి కాఫీకీ డబ్బు ఎవరివ్వాలో పాచికలు వేసి తేలుస్తారు. ఆ రోజు ఓడినవాడు హాకెటే. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"ఆడిలీన్, సభలో నువ్వు లేచి రెండు మాటలు చెప్తే చాలు. ఆర్విల్ పంటలూ, ఇతగాడి పంటలూ పక్కపక్కన పెట్టు. మిగతాది ఊరు చూసుకుంటుంది."

"రెండు మాటలెందుకోయ్, ఇరవై చెప్తా. నాకేమన్నా భయమా?"

"ఆ కేకు సంగతి కూడా చెప్పు."

"కేకుతోనే మొదలెడతా," అంది ఆడిలీన్. బల్ల చుట్టూ ఉన్న ముసలాళ్లు నవ్వారు. థీసెన్ పని అయిపోయిందని ఆ క్షణానే అందరికీ అర్థమైంది.

ఆ సాయంత్రం కొడుకు డార్సీ భోజనానికి వచ్చాడు. ముప్పై దాటిన డార్సీ రింకులో పని చేస్తాడు. చలికాలమంతా నీళ్లు పోసి మంచు కట్టించి చదును చేస్తాడు, వేసవిలో మంచు కరిగించాక గోడలకు రంగులేస్తాడు, జట్టు బండి కూడా నడుపుతాడు. చేతులకు తెల్లరంగు అంటుకుని ఉండగానే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆడిలీన్ క్యాబేజీ చుట్టలు వడ్డిస్తూ హాకెట్ అడిగింది చెప్పింది.

"వద్దమ్మా," అన్నాడు డార్సీ.

"ఏం, ఎందుకొద్దు?"

"థీసెన్ మంచోడు. ఇంకో రెండేళ్లు ఆగితే నీకే తెలుస్తుంది."

"మంచోడైతే చర్చికి పంపుదాం, పాటలు పాడతాడు. మనకి కావల్సింది పంట. ఆర్విల్ ఆ ఏడు ఏరింది గుర్తులేదూ? ఒక్క పంటలో నలుగురు! లైల్ బర్గ్ ఒక్కడు చాలు, పెద్ద లీగు దాకా పోయాడు. మన ఇంటి తిండి తినే కదా పోయాడు!"

"ఆ ఏడు ఏరింది నలుగుర్నే కాదు కదమ్మా."

"మిగతావాళ్లు తాలు. గింజల్ని కొలుస్తారు గానీ తాలునెవడు కొలుస్తాడ్రా?"

డార్సీ కంచంలో ఉన్నది తినేసి, ఇంకొకటి వేయించుకుని అదీ తిని, బాగుందమ్మా అని చెప్పి, కంచం కడిగి వెళ్లిపోయాడు.

ఆ ఏటి పంటలో, ఏడో రౌండులో, ఆర్విల్ ఏరిన కుర్రాడు డార్సీ ప్రిస్టూపా. ఇది ఆడిలీన్‌కు తెలియదా అంటే తెలుసు. డ్రాఫ్టు రోజున ఆమే ఊరంతా తిరిగి చెప్పుకుంది. కానీ శిబిరంలో డార్సీ నెగ్గలేదు. ఇంటికి వచ్చి "తీసేశారమ్మా" అన్నాడు, ఆమె "పోనీలేరా" అంది, అంతటితో అయిపోయింది. తర్వాత రింకులో పని దొరికింది. కొడుకు కళ్ల ముందే ఉన్నాడు, అది చాలనుకుంది. ఆమె లెక్కలో పంట అంటే పరాయి ఊరి నుంచి సంచి మోసుకుని వచ్చి ఆమె బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు. డార్సీ ఎక్కణ్ణుంచీ రాలేదు, పుట్టిన దగ్గర్నుంచీ ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! హార్లన్‌లో హాకీ తెలిసిన ప్రతివాడూ చేసే తప్పు ఇదే. మిగిలినవాళ్లను చూసి మేనేజరును మెచ్చుకుంటారు. పోయినవాళ్లు ఎలా పోయారో ఎవరూ చూడరు. ఆడిలీన్ ఆ తప్పు సొంత ఇంట్లోనే చేసింది. చేశానని తెలియక ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

సభ రోజు, కర్లింగ్ అనే మంచు ఆట ఆడే హాలు నిండిపోయింది. ఆడిలీన్ నీలం గౌను వేసుకుని, పెదాలకు రంగు పూసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. ముందు వరసలో ఆర్విల్ మెక్‌ఫీ మోకాలి మీద టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టంతా నెరిసినా భుజాలు వంగలేదు. వేదిక పక్కన థీసెన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. వెనక కాఫీ డేగిసా దగ్గర డార్సీ కప్పులు సర్దుతున్నాడు.

ఆడిలీన్ పేరు పిలవగానే చప్పట్లు మోగాయి. ఆమె కేకుతోనే మొదలుపెట్టింది. హాలంతా ఒకటే నవ్వు. థీసెన్ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత బార్లోను తూర్పారబట్టింది. బార్లో ఊళ్లో లేడు కాబట్టి అందరూ ధైర్యంగా నవ్వారు. ఆ తర్వాత అసలు మాటకు వచ్చింది.

"ఆర్విల్ ఆ ఏడు ఏరిన పంట గుర్తుందా మీకు?"

"ఎందుకుండదు!" అని కేకలు వచ్చాయి. నలుగురి పేర్లూ హాలే చెప్పింది. లైల్ బర్గ్ పేరు దగ్గర బల్లలు గుద్దారు.

"ఒక్క పంటలో నలుగురు. థీసెన్ గారూ, మీ మొదటి పంటలో ఎంతమంది నిలబడ్డారండీ? ఇద్దరు!"

"మరి ఆర్విల్ పంటలో మిగతావాళ్ల మాటేంటి?" అని పక్క వరస నుంచి ఎవరో అడిగారు.

"తాలుని ఎవడు కొలుస్తాడయ్యా? గాలికి పోతుంది!" అంది ఆడిలీన్.

హాలు గొల్లుమంది. ఆడిలీన్ కూడా నవ్వుతూ ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. కాఫీ డేగిసా దగ్గర డార్సీ నవ్వుతున్నాడు. అందరికన్నా కొంచెం గట్టిగానే నవ్వుతున్నాడు.

ఆ నవ్వు ఆమెకు బాగా తెలుసు. జట్టులోంచి తీసేశాక సామాను కోసం ఆమె ఇంటికి వచ్చిన కుర్రాళ్లు అలాగే నవ్వేవాళ్లు. పర్లేదు మిసెస్ ప్రిస్టూపా, ఏం పర్లేదు అంటూ బూట్ల దారాలు కట్టుకోవడానికి వంగేవాళ్లు, వంగినవాళ్లు ఒక పట్టాన లేచేవాళ్లు కాదు. అలాంటివాళ్లను ఎంతమందినో గుమ్మం దాకా సాగనంపింది. కొడుకు ముఖంలో ఆ నవ్వు ఎప్పుడూ చూడలేదు. అసలు చూడాలనే అనుకోలేదు.  అంత సిగ్గు ఆమెకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

"కానీ ఆడిలీన్, కానివ్వు," అన్నాడు హాకెట్.

"ఆగవోయ్, డీజిల్ పోస్తున్నావా తొందరపెట్టడానికి!" అని, ముందు వరస వైపు తిరిగింది. "ఆర్విల్, మావాణ్ణి ఎన్నో రౌండులో తీసుకున్నావు?"

 ఆర్విల్ తడుముకోలేదు.

"డార్సీనా? ఏడో రౌండు. మంచి మోకాళ్లు. పక్కు బిళ్ల ఎటు పోతుందో కనిపెట్టడంలో కొంచెం వెనకబడేవాడు."

"పంపేసిన రోజు వాడితో ఏం చెప్పావు?"

"ఏం చెప్తాం ఆడిలీన్? తీసేసినవాడి హాకీ కర్రలు గది బయట గోడకి ఆనించి పెట్టిస్తాం. పిల్లాడు పొద్దున వచ్చి చూసుకుని తీసుకుపోతాడు. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం." కాసేపు టోపీ అంచు తడుముకున్నాడు. "నాకూ అలాగే పెట్టారు. నా పదహారో ఏట."

ఆ గొంతు విన్నాక ఆడిలీన్‌కు అతని మీద కోపం రాలేదు. వచ్చుంటే తేలికగా ఉండేది.

"మరి మీరేం చేస్తారు థీసెన్ గారూ?"

థీసెన్ నోరు తెరిచి, ఏదో గొణిగి, మళ్లీ మూసుకున్నాడు.

"ఆయన చెప్పడమ్మా, నేను చెప్తా," అన్నాడు వెనక నుంచి డార్సీ. "బండి నడిపేది నేనే కదా. తీసేసిన ప్రతి పిల్లాణ్ణీ ఇంటి దాకా దింపుతాం, ఎంత దూరమైనా సరే. ఈయన వెనక సీట్లో పిల్లాడి పక్కనే కూర్చుంటాడు. వాళ్ల ఇంట్లోకెళ్లి అమ్మానాన్నల ముందు చెప్తాడు, ఏం బాగుంది, ఏం తక్కువైంది, మళ్లీ రావాలంటే ఏం చెయ్యాలి అని. ఒకాయన తలుపు కూడా తియ్యలేదు. వానలో వాకిట్లో నిలబడి, కిటికీలోంచి చెప్పొచ్చాడు."

"అదంతా మంచితనం, హాకీ కాదు," అన్నాడు హాకెట్.

"హాకీయేనండీ. అలా దింపొచ్చిన వాళ్లలో ఇద్దరు మరుసటేడు తిరిగొచ్చి జట్టులో చోటు కొట్టారు. ఇప్పుడు మనకి గోలు కాసేది వాళ్లలో ఒకడే. గోడకి ఆనించిన కర్రలు పట్టుకుపోయినవాడు ఒక్కడైనా ఈ ఊరికి తిరిగొచ్చాడా?"

 హాకెట్ మళ్లీ అందుకునే లోపే ఆడిలీన్ మాట అందుకుంది. 

"నేను కొలిచిన కుంచానికి చిల్లుంది. ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆర్విల్ పంట గొప్పదే, కాదన్నవాణ్ణి నేనే బయటికి గెంటుతా. ఆర్విల్‌కి నిలబడేవాణ్ణి ఏరడం తెలుసు. ఈయనకి నిలబడలేనివాణ్ణి కూడా పారెయ్యకుండా ఉంచుకోవడం తెలుసు. ఈయన పంట ఇంకా చేలోనే ఉంది. పచ్చి చేలోకి కోత యంత్రం దింపే రైతెవడైనా ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి, చూస్తా."

రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

"థీసెన్ గారూ, కేకు సంగతి మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. మీ బుద్ధి మీది, నా కోపం నాది. కానీ నా ఓటు మీకే," అని వచ్చి కూర్చుంది.

ఓటింగు తేలికగా సాగలేదు. చేతులు రెండుసార్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. చివరికి థీసెన్ ఉన్నాడు, బొటాబొటిగా. అతని తరఫున ఆలస్యంగా లేచిన చేతుల్లో ఆర్విల్ మెక్‌ఫీది ఒకటి. అది చూసి హాకెట్ లేచాడు.

"నిన్ను నమ్ముకుంటే నట్టేట ముంచావు కదే!" అన్నాడు బయటికొస్తూ.

"ఈత నేర్చుకో," అంది ఆడిలీన్.

డార్సీ ఆమెను తన ట్రక్కులో ఇంటికి తీసుకెళ్లాడు. జూన్ సాయంత్రం, ఇంకా ఎండ పోలేదు. ఇంటి ముందు ఆపినా ఆమె దిగలేదు.

"ఆ రోజు ఏం చేశావురా?" అని అడిగింది.

ఏ రోజని డార్సీ అడగలేదు. "ఏం చేస్తాను, కర్రలు తీసుకుని ఇంటికొచ్చా. లైల్ అప్పుడే దిగాడు. నువ్వు వాడికి కింద గది సర్దుతున్నావు. తీసేశారమ్మా అన్నా. పోనీలేరా, చేతులు కడుక్కురా, కొత్తవాడికి బంగాళాదుంపలు అందించు అన్నావు."

"అందించావా?"

"అందించా. ఆకలితో ఉన్నాడు పాపం."

ఆడిలీన్ కిటికీలోంచి బయటకు చూసింది. ఆ భోజనం ఆమెకు గుర్తు రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

"తర్వాత వారం లైల్ పారిపోబోయాడమ్మా," అన్నాడు డార్సీ. "ఇంటి మీద బెంగ. సంచి సర్దుకుని బస్సు ఆగే చోట కూర్చున్నాడు. నేను చూసి ఆపా. నువ్వు పోతే నీ చోటు నాకేం ఇవ్వరురా, ఎవడో బయటివాడికిస్తారు, అదేదో నువ్వే ఉంచుకో అన్నా. నవ్వాడు. వెనక్కొచ్చాడు."

"లైల్ బర్గా? పారిపోబోయాడా?"

"బస్సు టికెట్టు కూడా కొన్నాడు."

ఆమె కొడుకు వైపు తిరిగి, గోళ్ల చుట్టూ తెల్లరంగు ఎండిపోయిన అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా నాకు?"

"చెప్తే వాణ్ణి నీ లెక్కలోంచి తీసేస్తావేమోనని."

 ఆడిలీన్‌కు అబద్ధమాడటం చేతకాదు.

"తీసేసేదాన్నే," అంది.